కొండయ్య ఊపిరి తీసుకునే చోటు

"ప్రామిస్‌కి 'కీప్' అనే ఎందుకు రావాలి టీచర్? మాట నిలబెట్టుకోవడమే కదా అని 'స్టాండ్' అని రాశా, కొట్టేశారు. ఎవడండీ డిసైడ్ చేసింది?" అని హైమ పుస్తకం ధడాల్న మూసేసింది. నర్సింగ్ అయిపోయింది, ఉద్యోగం కావాలంటే ఇంగ్లీష్ పరీక్ష గట్టెక్కాలి. రెండుసార్లు పోయింది మరి, ఒళ్లు మండదా?

ఆగ్నెస్ టీచర్ ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే రకం కాదు. "పక్క వీధిలో గృహప్రవేశం ఉంది, టిఫిన్ బాగుంటుంది, పద" అంది. హైమకి చిరాకేసింది. అయినా వెళ్లింది, పెసరట్టు వాసన అప్పటికే వస్తోంది.

అక్కడ సన్నాయి జగదీష్ ఊదుతున్నాడు, డోలు సన్యాసయ్య వాయిస్తున్నాడు, తాళం జగదీష్ బావమరిది వేస్తున్నాడు. పాట మంచి ఊపులో ఉండగా డోలు టక్కున ఆగింది. సన్నాయి ఒక్కటే ముందుకెళ్లిపోయింది. మళ్లీ డోలు అందుకుంది. రెండో చుట్టులో అదే చోట మళ్లీ ఆగింది. ఎవరో పెద్దగానే నవ్వారు.

"ముసలాయనకి తాళం కూడా రాదా?" అంది హైమ.

"ఇన్నేళ్లూ ఈయన, కొండయ్య అని ఒకాయన సన్నాయికి డోలు వాయించాడమ్మా" అంది టీచర్. "కొండయ్యకి ఉబ్బసం. సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరి అందేది కాదు. ఆయన పరువు పోకూడదని ఈయన కూడా చెయ్యి ఆపేసేవాడు. ఇద్దరూ కలిసి ఆగేసరికి పాటే అంత అనుకున్నాం. మా పెళ్లిలోనూ అక్కడ ఆగారు. ఆగకపోతే ఊళ్లో ఎవరికీ నచ్చేది కాదు. మరి దాన్ని ఎవరు డిసైడ్ చేశారంటావ్?"

హైమ చేతిలోని పెసరట్టు పక్కన పెట్టేసింది.

"ఆ కొండయ్య ఏరి?"

"ఉగాది ముందు పోయాడు."

మూడోసారీ డోలు ఆగింది. జగదీష్ సన్నాయి దించేశాడు. "మావా, నిన్న కూడా చెప్పాను. ఇలాగైతే రేపు నన్నెవరు పిలుస్తారు? అసలు ఎవరికోసం ఆగుతున్నావ్?"

"నేను ఆగట్లేదురా" అన్నాడు సన్యాసయ్య, తన చేతిని తనే చూసుకుంటూ. "వద్దన్నా ఇదే ఆగిపోతోంది."

జగదీష్ తల పక్కకి తిప్పుకుని, బావమరిది వైపు చెయ్యి చూపించాడు. సన్యాసయ్య గొడవ పడలేదు. వేళ్ల తొడుగులు ఒక్కొక్కటే లాగి, డోలు మీద పెట్టి, దాన్ని ఆ కుర్రాడి ఒళ్లోకి జరిపాడు. లేచి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక కండువా పట్టుకున్నాడు.

పాట మళ్లీ మొదలైంది. ఆ చోటు దగ్గర పడేకొద్దీ హైమ తెలియకుండానే ఊపిరి బిగబట్టింది. డోలు ఆగలేదు. ఎక్కడా అతుకు కనపడకుండా నున్నగా సాగిపోయింది. జనం కాఫీలు తాగుతున్నారు. సన్యాసయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు.

"ఇప్పుడు కరెక్ట్‌గానే వచ్చింది కదా టీచర్" అంది హైమ.

"కరెక్టేనమ్మా" అంది టీచర్. "కొండయ్య ఉగాది ముందు పోయాడన్నాను కదూ. కాదు, ఇప్పుడు పోయాడు."