బెల్లం సున్నం పూసిన అద్దం

"గురువుగారూ, ఇప్పుడు నా మనసు దేనికీ చలించడం లేదు. ఎవరేమన్నా నాకు అంటడం లేదు. సాధన ఫలించినట్టేనా?" అని శేషశయనం అడిగాడు. ఆ గొంతులో సందేహం కన్నా సంతోషమే ఎక్కువగా వినిపించింది.

గురువు రామయోగిగారు జవాబుగా అనకాపల్లిలో తమ వీధి చివర ఉండే అప్పలసూరి సంగతి చెప్పడం మొదలుపెట్టారు.

అప్పలసూరి బెల్లం దిమ్మలు తోలే వ్యాను నడిపేవాడు. వెనక రోడ్డు చూపించే దాని ఎడమవైపు అద్దం వదులైపోయింది. గతుకు తగిలితే చాలు, వాలిపోయేది. సైకిలు ట్యూబు ముక్క చుట్టాడు, అట్టముక్క మడిచి ఇరికించాడు. ఏదీ ఎన్నాళ్లో నిలవలేదు. అందుకని తమ్ముడు పోలినాయుడు ఎప్పుడూ ఎడమపక్కనే కూర్చునేవాడు. అద్దం వాలినప్పుడల్లా కిటికీలోంచి చెయ్యి చాపి సరిచేస్తూ, "ఇప్పుడు అవుపిస్తందా అన్నియ్యా?" అనేవాడు. దారి పొడవునా అదే మాట. అప్పలసూరికి విసుగెత్తింది.

రాయిలా గట్టిపడే తాతల నాటి గోడల పూత గుర్తొచ్చి, సున్నంలో బెల్లం నీళ్లు పోసి, కొబ్బరిపీచు కలిపి, అద్దాన్ని వ్యానుకు పట్టి ఉంచే కాడకు దట్టంగా పూశాడు. ఆరేదాకా ఆగలేక లోడుకు బయల్దేరాడు. పూత ఎండేలోగా అద్దం లోపలికి తిరిగి అలాగే బిగిసిపోయింది. ఇక అందులో రోడ్డు లేదు, సొంత వ్యాను తలుపే ఉంది.

"కొంచెం బయటికి తిప్పాల అన్నియ్యా" అన్నాడు పోలినాయుడు.

"కదులుతోందా? లేదు కదా! ఇంక నీ గోల తప్పింది నాకు" అన్నాడు అన్న.

బెల్లం మార్కెట్లో వాళ్లు ఆ అద్దాన్ని పట్టి లాగి చూసి, పనంటే ఇదీ అని మెచ్చుకున్నారు కూడా.

పక్కన కూర్చుని చేసేదేమీ లేక పోలినాయుడు వ్యాను ఎక్కడం మానేశాడు. సరుకు దించడానికి సైకిలు మీద వెనకాలే వచ్చేవాడు. ఒక ఉదయం మార్కెట్టు గేటు దగ్గర అప్పలసూరి అలవాటుగా అద్దంవైపు ఓసారి చూసి, వ్యానును ఎడమకు తిప్పాడు. అప్పటికి ఎడమపక్కకు వచ్చిన తమ్ముడు సైకిలుతో సహా వెనక చక్రం కింద పడ్డాడు.

ఆస్పత్రిలో మోకాలి కింద కాలు తీసేశారు. తెలివి వచ్చాక పోలినాయుడు అన్నను తిట్టలేదు. "నీ పక్కనే ఉన్నాను అన్నియ్యా. గంట కూడా కొట్టాను" అన్నాడు, అంతే. అప్పలసూరి ఇంటికొచ్చి సుత్తి తీసుకుని ఆ అద్దాన్ని బాదాడు. గాజు పొడిపొడి అయింది. పూత మాత్రం ఊడలేదు.

గురువుగారు అక్కడితో ఆపేశారు. శేషశయనం, "అయ్యో, ఆ తమ్ముడు చెప్పినప్పుడైనా వినాల్సింది" అన్నాడు.

రామయోగిగారు అతని ముఖంలోకి చూశారు.

"మీ ఇంట్లోవాళ్లు నీతో పోట్లాడటం ఎప్పుడు మానేశారు?" అని అడిగారు.