గుమ్మంలో పాలావిడ

యామిని రాసిన ప్రోగ్రాంకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

చూపులేని పిల్లల బడి కోసం రాసింది. పాఠాలు చదివి వినిపించాలి. రేపు పొద్దున్నే అప్పజెప్పాలి, సోమవారం నుంచి ఆ పిల్లలకి పరీక్షలు. వాక్యానికీ వాక్యానికీ మధ్య గొంతు తెగిపోతుంటే వాళ్లేం వింటారు, ఏం రాస్తారు? యామినికి ఏడుపొక్కటే తక్కువ. అయినా బింకం వదిల్తేనా!

"తప్పు నాది కాదు మాస్టారూ, గొంతు వినిపించడానికి బయట్నుంచి తెచ్చుకున్న కోడుంది చూశారూ, ఈ మల్టీమీడియా లైబ్రరీ, దీనిదే. దీన్ని పీకి పారేసి ఇంకోటి పెడతాను," అంది.

తనకి కోడు రాయడం నేర్పిన గఫూర్ మాస్టారు కళ్లజోడు సర్దుకుని తెర మీదికి వంగారు. ఒక వాక్యం వినిపించడం కాగానే లైబ్రరీ తనే మన ప్రోగ్రాంని పిలిచి "అయింది" అని చెబుతుంది. అలా పిలిచినప్పుడు ఏం చెయ్యాలో మనం ముందే రాసిపెడతాం. కాల్‌బ్యాక్ అంటే అంతే. యామిని ఆ కాల్‌బ్యాక్‌లోనే సమస్తం కూరేసింది. పేజీ గుర్తుంచుకోవడం, తర్వాతి పాఠం వెతకడం, విన్న పాఠాల లెక్క రాయడం, అన్నీ అందులోనే.

మాస్టారు చివరిదాకా చదివారు.

ఇంతలో మాస్టారింటి గుమ్మంలోంచి "పాలూ!" అని కేక. వెంకాయమ్మ వచ్చింది.

మాస్టారు గిన్నె పట్టుకెళ్లి పాలు పోయించుకున్నారు. "కాస్త ఉండమ్మా, వస్తున్నా," అని లోపలికొచ్చి స్టవ్ వెలిగించారు. పాలు పొంగేదాకా అక్కడే నిలబడ్డారు. దించి, తిరగబోస్తూ చల్లార్చడం మొదలెట్టారు, తీరిగ్గా.

వెంకాయమ్మ క్యాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "బాబుగారూ, వీధంతా పొయ్యాలండీ! నన్నెందుకండీ ఆపారు?"

"అయిపోవచ్చింది తల్లీ. తోడు కూడా వేసేస్తే..."

ఎదురింటావిడ ఖాళీ గిన్నెతో గేటు దగ్గరికొచ్చి, పిల్లాడు ఆకలికి ఏడుస్తున్నాడని అరుస్తోంది.

యామినికి ఒళ్లు మండిపోయింది. "ఇదేం చోద్యం మాస్టారూ! పాలు పోయించుకున్నాక ఆవిణ్ణి పంపెయ్యాలి గానీ! కాచుకోవడం, తోడేసుకోవడం మన పని. అయ్యేదాకా ఆవిడ నిలబడాలా?"

"అక్కర్లేదు," అన్నారు మాస్టారు. గుమ్మం వైపు తిరిగి, "వెళ్లిరా అమ్మా, ఏమనుకోకు," అన్నారు.

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. మాస్టారు గిన్నె మీద మూత పెట్టారు.

"నీ గుమ్మంలో లైబ్రరీ ఇంకా నిలబడే ఉంది, అమ్మాయ్."

 యామిని కుర్చీ తెర దగ్గరికి లాక్కుని, కాల్‌బ్యాక్‌లో "అయింది" అన్న కబురు అందుకోవడం మాత్రం ఉంచి, మిగతా పనులన్నీ బయటికి తియ్యడం మొదలెట్టింది.