ఒక కాలికే బూటు

తారకకి తప్పు చెప్పడమంటే భయం పట్టుకుంది. మామూలు మనిషికైతే అది మంచి గుణమే. రేపటి వాతావరణం ఇవాళే చెప్పాల్సిన మనిషికి మాత్రం అదొక జబ్బు.

తారకది బొబ్బిలి. వాతావరణ శాస్త్రం చదువుకుంది, పట్టా పుచ్చుకుంది, మంచన్నది ఫ్రిజ్‌లో తప్ప ఎక్కడా చూడకుండానే హిమాలయాల్లో సరాంగ్ ధార్ అనే కొండ మీదికి ఉద్యోగానికి వచ్చిపడింది. అక్కడ చలికాలం నాలుగు నెలలూ జనం కాళ్ళకి స్కీ బద్దలు కట్టుకుని మంచు మీద జారుతుంటారు. చూడ్డానికి సరదాగానే ఉంటుంది. పై వాలు మీద గాలి లేచిందా, పక్కన నిలబడ్డ మనిషి కూడా కనపడడు. అందుకని రోజూ పొద్దున్న ఆరింటికి రోప్‌వే దగ్గర నల్లబోర్డు మీద ఆ రోజు వాతావరణం రాసి తీరాలి.

ముప్పై ఏళ్ళుగా ఆ బోర్డు రాస్తున్నది ఆంగ్‌రూప్. చిన్నప్పుడు పన్నెండేళ్ళు బౌద్ధ మఠంలో ఉండి, తరవాత కాషాయం విడిచి ఈ పనిలోకి వచ్చాడు. అందరూ ఆయన్ని మేమే అంటారు. అక్కడి మాటలో మేమే అంటే తాత. ఇప్పుడాయన కళ్ళలో పొరలొచ్చాయి. మార్చి దాటితే బోర్డు వదిలేస్తానన్నాడు. ఆయన దగ్గర పని నేర్చుకుని ఆ బోర్డు అందుకోవాలని తారక ఆశ.

"బోర్డు నాకిస్తారా మేమే?" అని వచ్చిన మొదటిరోజే అడిగేసింది.

"నేనెవర్ని ఇవ్వడానికి? చదివేవాళ్ళు ఇస్తారు," అన్నాడాయన.

వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నది హిందీలో లెండి. చెప్పేది నేను గనక మీకు తెలుగులో వినపడుతోంది.

మేమేకి పట్టింపులు రెండే. తెల్లారుజామున ఐదింటికి వాళ్ళు పనిచేసే గది వెనకున్న తెల్ల చెక్క దగ్గరికి వెళ్ళి, దాని మీద కొత్తగా పడ్డ మంచుని స్కేలుతో కొలిచి, చెక్క శుభ్రంగా తుడిచెయ్యాలి. లేకపోతే నిన్నటి మంచు ఇవాళ్టి లెక్కలో కలిసిపోతుంది. అది మొదటిది. బోర్డుకి ఎడమ పక్కన నిన్న చెప్పిన మాట అలాగే ఉంచి, దాని కింద నిజంగా ఏం జరిగిందో ఎర్ర సుద్దతో రాయాలి. ఆ తరవాతే కుడిపక్కన ఇవాళ్టిది. ఇది రెండోది.

"మంచు తుడవాలి, మాట తుడవకూడదు," అనేవాడు. ఎర్ర సుద్ద మాత్రం తన జేబులోనే ఉంచుకునేవాడు. రోజూ పొద్దున్న ఇవ్వడం, ఆమె రాశాక తిరిగి పుచ్చుకోవడం. ముసలాయన చాదస్తం అనుకుంది తారక.

మొదటి పన్నెండు రోజులూ ఆమె చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఇక చూడాలి ఆవిడ నడక! పదమూడో రోజున, "జానెడు మంచు పడుతుంది, పై వాలు మూసెయ్యండి" అని పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. ఆ రోజు ఆకాశం కడిగిన పళ్ళెంలా మెరిసిపోయింది. మూడు బస్సుల జనం కిందే కూర్చుని, ఖాళీ వాలు కేసి చూసి, ఆమెని తిట్టుకుంటూ వెళ్ళిపోయారు. మర్నాడు ఎర్ర సుద్దతో "తప్పు" అని రాస్తుంటే వెనకాల ఎవరో నవ్వారు. టీకొట్టు జగత్ రామ్ అయితే, "అమ్మాయ్, రేపు ఎండ అని రాయి, గొడుగు తెచ్చుకుంటా!" అన్నాడు.

తారకకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి రాత మారిపోయింది.

"ఎండ కాయవచ్చు. మంచు కూడా పడవచ్చు. గాలి వీచే అవకాశం లేకపోలేదు." ఇదీ వరస. పాము చావకూడదు, కర్ర విరక్కూడదు. ఎండ కాస్తే ఎర్ర సుద్దతో "సరిగ్గానే చెప్పాం" అని రాసేది. మంచు పడ్డా అదే రాసేది.

వాలు మీద జనాన్ని కాపాడే దళం ఒకటుంది. దానికి పెద్ద పల్దన్, ఆరడుగుల మనిషి, కోపమొచ్చినా నవ్వొచ్చినా ఒకటే అరుపు. అతను బోర్డు కేసి చూడడమే మానేశాడు. తిన్నగా తారక గది కిటికీ దగ్గరికొచ్చి, "అదంతా సరే, పైకి వెళ్ళాలా వద్దా?" అని అడిగేవాడు. తారక మళ్ళీ మొదట్నుంచి మొదలెట్టేది. అతను తల పట్టుకుని వెళ్ళిపోయేవాడు.

అలా రాయడం మొదలెట్టిన తొమ్మిదో రోజు సాయంత్రం తారక గర్వంగా చెప్పింది. "మేమే, తొమ్మిది రోజులయింది. ఒక్క తప్పు కూడా లేదు!"

మేమే వేయించిన బార్లీ పిండి టీలో కలిపి ముద్ద చేసుకుని, బొబ్బిలి నుంచి వచ్చిన ఊరమిరపకాయలు నంజుకుంటున్నాడు. ఆ మిరపకాయలంటే ఆయనకి ప్రాణం.

"నిజమే, ఒక్కటీ లేదు," అని ఇంకోటి కొరికాడు.

మర్నాడు లోయలోని ఏడు బడుల పిల్లలకి స్కీ పందెం. ఏడాదికి ఒక్కసారే జరుగుతుంది, అదీ పై వాలు మీదే జరుగుతుంది. పిల్లలు నలభైమంది కింద బసలో దిగారు. ఎల్లుండి పొద్దున్నకల్లా మళ్ళీ ఊళ్ళకి వెళ్ళిపోవాలి. రేపు తప్పితే మళ్ళీ వచ్చే ఏడాదే.

చీకటి పడుతుండగా పల్దన్ వచ్చాడు. "పది గంటలకి పందెం అనుకుంటున్నాం. పిల్లల్ని పైకి తీసుకెళ్ళనా? ఒక్క ముక్కలో చెప్పమ్మా."

తారక కంప్యూటర్ కేసి తిరిగింది. ఎండ అని చెప్పి తుఫాను వస్తే పైన నలభైమంది పిల్లలు. తుఫాను అని చెప్పి ఎండ కాస్తే ఆ పిల్లల ఏడాది కష్టం మంచుపాలు. ఆమె కంప్యూటర్లో రెండు లెక్కలు ఉన్నాయి. ఒకటి మధ్యాహ్నానికల్లా గాలి అంటోంది, రెండోది సాయంత్రం అంటోంది.

"తీసుకెళ్ళవచ్చు. కానీ గాలి వచ్చే అవకాశం కూడా..."

"వద్దు తల్లీ, వద్దు! అంతకంటే బొమ్మాబొరుసూ వేసుకోవడం నయం," అని చేతులు జోడించి వెళ్ళిపోయాడు పల్దన్.

తారక ఎప్పటి మాటలే చిత్తు కాగితం మీద రాసి మేమే చేతికిచ్చింది. ఆయన కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

తెల్లారుజామున ఐదయింది. మంచు కొలవడానికి తారక స్కేలు పట్టుకుని బయటికొచ్చి, అక్కడే కొయ్యబారిపోయింది.

మేమే వాకిట్లో నిలబడి ఉన్నాడు. ఒక కాలికి మోకాలిదాకా మంచుబూటు. రెండో కాలికి మేజోడు కూడా లేకుండా రబ్బరు స్లిప్పరు. ఉన్ని కోటు ఒక్క చేతికే తొడుక్కున్నాడు, రెండో పక్క పలచటి చొక్కా. నుదుటి మీద నల్ల కళ్ళద్దాలు. చంకలో గొడుగు.

"పద, కొలిచొద్దాం," అన్నాడు.

"అయ్యో మేమే! ఏమిటీ వేషం?"

"నువ్వు రాసింది చదివే వేసుకున్నాను."

తారకకి నవ్వొచ్చింది. ఆ నవ్వు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆయన నిజంగానే నడవడం మొదలెట్టాడు. మైనస్ పధ్నాలుగు చలి. స్లిప్పరు మంచులో కూరుకుపోయింది. తీశాడు, మళ్ళీ వేశాడు.

ఆమె లోపలికి పరుగెత్తి రెండో బూటు తెచ్చింది. "వేసుకోండి మేమే! వేళ్ళు గడ్డకట్టిపోతాయి!"

"ఇవాళ బూటు అక్కర్లేదేమో. ఎండ కాయవచ్చుగా?"

"మేమే!"

"పోనీ నువ్వే తేల్చు. ఏది వేసుకోను?" అని మంచులో అలాగే నిలబడ్డాడు. మొహంలో చిరునవ్వు చెక్కు చెదరలేదు. ఆ స్లిప్పరు కాలు మాత్రం ఎర్రగా కందిపోతోంది.

తారక తలెత్తి చూసింది. అన్ని వారాల్లో అలా చూడడం అదే మొదటిసారి. చుక్కలు ఒకటే వణకడం. అంటే పైన గాలి అప్పుడే పరుగులు పెడుతోంది. వెన్నెల్లో కొండ అంచు నుంచి మంచుధూళి సన్నగా, పొయ్యి మీది ఆవిరిలా లేస్తోంది. గాలి బరువు చూపించే ముల్లు నిన్న సాయంత్రం నుంచి దిగుతూనే ఉంది, అది ఆమెకి తెలుసు. రెండు లెక్కల్లో మధ్యాహ్నపు లెక్కే నిజమనిపించింది. పైగా పైకి వెళ్ళేది పిల్లలు.

"గాలొస్తుంది! బూటు వేసుకోండి!"

"ఎన్నింటికి?"

"పదకొండుకి!"

"పదకొండుకి రావచ్చా?"

"వస్తుంది మేమే, వస్తుంది! పదిన్నరకల్లా పిల్లలు కిందికి దిగిపోవాలి! మీకు దణ్ణం పెడతాను, ముందు ఆ కాలు ఇటివ్వండి!"

మేమే బుద్ధిగా అక్కడున్న చెక్కపెట్టె మీద కూర్చుని కాలు చాపాడు. తారక ఆ పాదాన్ని రెండు చేతులతో రుద్ది, మేజోడు తొడిగి, బూటు బిగించింది. ఆయన ఆమె భుజం తట్టాడు.

"ఇప్పుడు నాతో అన్నదే బోర్డు మీద రాయి. కింద నీ పేరు కూడా రాయి."

రాసింది. "పదిన్నర దాకా ఎండ. పదకొండుకి పైన గాలి. పందెం ఏడున్నరకే మొదలెట్టండి. తారక."

పల్దన్ చదివాడు. "ఏడున్నరకా! పిల్లలు ఇంకా పళ్ళు కూడా తోముకోలేదు!" అని ఒక్క అరుపు అరిచాడు. కానీ అరుస్తూనే బసవైపు పరుగెత్తాడు.

పందెం బ్రహ్మాండంగా జరిగింది. నలభైమందీ జారారు, పదకొండుమంది పడ్డారు, పడ్డవాళ్ళు లేచి మళ్ళీ జారారు. అందరికంటే పొట్టిపిల్ల గెలిచింది. పది ఇరవైకల్లా అందరూ కింద ఉన్నారు. జగత్ రామ్ బల్లలూ కుర్చీలూ లోపల పెట్టేసి, తాళ్ళతో కొట్టు రేకులు బిగించేసుకున్నాడు.

పదకొండయింది. అందరూ కొండ కేసి చూశారు. ఎండ.

పన్నెండయింది. ఎండ. పిల్లలు కోట్లు విప్పేసి మంచుముద్దలతో కొట్టుకుంటున్నారు. రెండయింది. జగత్ రామ్ ఒక కుర్చీ బయటికి తెచ్చుకుని, దాని మీద కూర్చుని, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టి, "అమ్మో, ఏం గాలి, ఏం గాలి! ఎవరైనా నన్ను పట్టుకోండ్రా!" అన్నాడు. పిల్లలు ఘొల్లుమన్నారు.

తారక కిటికీ మూసేసుకుని కూర్చుంది. భూమి చీలితే బాగుండుననిపించింది. నాలుగు గంటలకి పది నిమిషాలుందనగా పై వాలు మీద తెల్లటి తెర లేచింది. ఐదు నిమిషాల్లో కొండే కనపడకుండా పోయింది. జగత్ రామ్ కుర్చీ దొర్లుకుంటూ రోప్‌వే దాకా వెళ్ళిందట. దాదాపు అయిదు గంటలు ఆలస్యం.

మర్నాడు పొద్దున్న మేమే జేబులోంచి ఎర్ర సుద్ద తీసి ఇచ్చాడు. తారక బోర్డు దగ్గరికి వెళ్ళింది. 'గాలి వచ్చింది' అని రాస్తే అబద్ధమేం కాదు. చెయ్యి అటే వెళ్ళబోయింది. ఆమె ఒకసారి వెనక్కి తిరిగి మేమే కాళ్ళ కేసి చూసింది. రెండు కాళ్ళకీ బూట్లున్నాయి.

పెద్దక్షరాలతో రాసింది. "తప్పు. గాలి పదకొండుకి రాలేదు. నాలుగవుతుండగా వచ్చింది. తారక."

కుడిపక్కన తెల్ల సుద్దతో రాసింది. "ఇవాళ మూడు దాకా పైన గాలి, ఎవరూ వెళ్ళొద్దు. మూడు తరవాత తగ్గుతుంది. తారక."

కిటికీ దగ్గర కూర్చుని, పల్దన్ వచ్చి అడుగుతాడని ఎదురుచూసింది. పల్దన్ వచ్చాడు. వెనకాలే జగత్ రామ్ సొట్టపోయిన కుర్చీ పట్టుకుని వచ్చాడు. పల్దన్ బోర్డు దగ్గర ఆగి, ఎర్రక్షరాలు చదివి పడీపడీ నవ్వాడు. తరవాత పక్కనున్న తెల్లక్షరాలు చదివి నవ్వు ఆపాడు. తన మనుషుల వైపు తిరిగి, "మూడింటిదాకా పైకి ఎవర్నీ పోనీకండి! తాళ్ళు కట్టండి!" అని అరుచుకుంటూ వెళ్ళిపోయాడు. జగత్ రామ్ కూడా గొణుక్కుంటూ రేకులు బిగించుకోవడానికి పోయాడు.

"మేమే! కిటికీ దగ్గరికి రానే లేదు!" అంది తారక. "ఒక్క ముక్క అడగలేదు!"

"ముందు ఏది చదివాడు?"

"ఎర్రది."

మేమే తల ఊపి, మిరపకాయ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు. తారక అలవాటు ప్రకారం ఎర్ర సుద్ద ఆయనకి తిరిగి ఇవ్వబోయింది. ఆయన చెయ్యి చాపలేదు.

"ఉంచుకో," అన్నాడు. "నువ్వూ ముప్పై ఏళ్ళు రాయాలంటే చాలా అరుగుతుంది."