సూదమ్మ దొర్లించిన ఆలోచన

అనగనగా మూడు పక్కలా కొండలున్న ఒక అడవిలో సూదమ్మ అనే ఏదుపంది ఉండేది. దాని ఒళ్ళంతా ముళ్ళే. అందుకని ఎవరూ దాని పక్కన కూర్చునేవారు కారు. "కాస్త ఎడంగా జరుగు తల్లీ, గుచ్చుకుంటాయి" అనేవారు. సూదమ్మ నవ్వుతూ జరిగేది. ఇంటికొచ్చాక ఆ మాటే దానికి గుచ్చుకునేది.

ఒక ఏడాది వానల్లో కొండచరియ విరిగిపడింది. ఇంత లావు బండ ఒకటి దొర్లుకుంటూ వచ్చి వాగుకు అడ్డంగా కూలబడింది. నీళ్ళు దారి మార్చుకుని లోయలోకి పోసాగాయి. ఎండాకాలం వచ్చేసరికి దిగువ మడుగులన్నీ బురదగుంటలయ్యాయి.

భద్రయ్య అనే ఏనుగు వెళ్ళి బండను తోశాడు. కదల్లేదు. అడవిదున్నలు వచ్చి తోశాయి. కదల్లేదు. అందరూ కలిసి "ఐలేసా" అంటూ తోశారు. వాళ్ళ కాళ్ళు జారాయి గాని బండ జారలేదు.

ఇలా ఉండగా సూదమ్మకు ఒక పెద్ద దుంప దొరికింది. తనకంటే పెద్దది! లాగింది, నెట్టింది. ఆయాసమే మిగిలింది. పక్కనే వెలగచెట్టు కింద కాయలు రాలి ఉన్నాయి. దుంప వాటి మీదికి ఎక్కిందో లేదో, సర్రున ముందుకు పోయింది.

సూదమ్మ ఆగిపోయింది. వంగి చూసింది. కాయలు దొర్లుతున్నాయి, వాటి మీద దుంప నడుస్తోంది! వెనక మిగిలిన కాయను తెచ్చి ముందు పెట్టి మళ్ళీ నెట్టింది. మళ్ళీ పోయింది. అలా ఇంటిదాకా పాట పాడుకుంటూ తీసుకెళ్ళింది.

పింఛయ్య అనే నెమలి కొమ్మ మీద నుంచి ఇదంతా చూశాడు.

"సూదమ్మా! భలే కిటుకు పట్టావు. ఎవరికీ చెప్పకు సుమా!" అన్నాడు.

"ఏం, ఎందుకని?"

"చెప్పావంటే అందరికీ వచ్చేస్తుంది. ఇక నీ గొప్పేముంటుంది? చెప్పకపోతే, బరువు జరపాలన్నప్పుడల్లా నీ గడపకే రావాలి. నీ పక్కన కూర్చుని బతిమాలాలి."

'నీ పక్కన కూర్చుని' అన్న మాట సూదమ్మ మనసులో తియ్యగా దిగింది. నిజమే కదా అనుకుంది. ఆ రోజంతా కిటుకును తనలోనే దాచుకుంది.

మర్నాడు మడుగు దగ్గరికి వెళ్ళింది. అక్కడ ఒక దుప్పి తన పిల్లచేత బురద నాకిస్తోంది. పిల్ల నాకింది, తుమ్మింది, మళ్ళీ నాకింది.

"అమ్మా, ఇందులో నీళ్ళు ఏ పక్కనున్నాయి?" అని అడిగింది.

తల్లి బురదను కాలితో ఇంకాస్త లోతుగా తవ్వింది. వాగుకు అడ్డుపడ్డ బండను జరిపే కిటుకు సూదమ్మ దగ్గర ఉంది. చెప్పాలనుకుంది, ఆగింది. చెబితే కిటుకు అందరిదైపోతుంది. చెప్పకపోతే? సూదమ్మ ఆ పిల్ల ఎండిన పెదవుల వైపు చూసింది. అంతే, వెనక్కి తిరిగి పరుగు తీసింది.

"భద్రయ్య మామా! ఆ బండను ఊరికే తొయ్యొద్దు. దొర్లేవాటి మీద పెట్టి జరుపుదాం!"

బండ అంచు కింద వెలగకాయలు కూరారు. భద్రయ్య తల ఆనించి నెట్టాడు. ఫట్! ఫట్! కాయలు పగిలి గుజ్జంతా అతని ముఖాన చిమ్మింది. అందరూ పకపకా నవ్వారు. సూదమ్మ సిగ్గుతో ముడుచుకుపోయింది.

భద్రయ్య మాత్రం ముఖం తుడుచుకుని, "కాయలు పగిలాయి గాని ఆలోచన పగల్లేదు. ఇంకా గట్టివి కావాలి, అంతే" అన్నాడు. వెళ్ళి గుండ్రటి దుంగలు మోసుకొచ్చాడు.

దుంగలు బండ కిందికి దూరలేదు. అప్పుడు చెంగన్న అనే కోతి తల గోక్కున్నాడు. "రాళ్ళ కింద పురుగుల కోసం నేను కర్ర దూర్చి రాయి లేపుతాను. దీనికో పెద్ద మాను దూరిస్తేనో?"

దూర్చారు. అడవిదున్నలు మాను చివర ఒక్కసారిగా బరువు వేశాయి. బండ లేచింది! భద్రయ్య దుంగలు తోశాడు. "ఐలేసా!" అన్నారు అందరూ. గర్రుమంటూ బండ కదిలి గట్టెక్కింది. వాగు గలగలమంటూ పాత దారిలోకి దూకింది. దుప్పిపిల్ల మూతి నీళ్ళలో ముంచి, కడుపు నిండేదాకా ఎత్తలేదు. ఆనందంతో అందరూ సూదమ్మను చుట్టుముట్టారు. గుచ్చుకున్నా ఒక్కరూ ఎడంగా జరగలేదు.

ఆలోచన అక్కడితో ఆగలేదు. పందికొక్కులు దుంగను బిళ్ళలుగా కొరికి, నడుమ కన్నం చేశాయి. చెంగన్న ఆ కన్నాల్లో కర్ర దూర్చాడు. అదే చక్రం. చక్రాల మీద పలక పెట్టారు. అదే బండి. నాకడానికి ఎంతో దూరం పోవలసిన ఉప్పురాయి బండెక్కి ఇంటి ముందుకు వచ్చింది. కుంటివాళ్ళు కూడా పచ్చిక దాకా వెళ్ళగలిగారు. ఒకసారి అడవి అంటుకున్నప్పుడు ముసలివాళ్ళను ఒక్కరిని కూడా వెనక వదిలిపెట్టలేదు. పిల్లలూ, మనం ఎక్కే బస్సూ రైలూ వెనక కూడా ఇలా ఒకరి నుంచి ఒకరికి అందిన ఆలోచనలే ఉన్నాయి.

ఏళ్ళు గడిచాయి. సూదమ్మకు వయసు మీదపడింది. ఒకనాడు భద్రయ్యతో కలిసి మెల్లగా నడుస్తుంటే, ఒక ఎలుగుబంటి పిల్ల బండి లాక్కుంటూ వచ్చింది.

"అవ్వా, నడవలేకపోతున్నావు, ఎక్కు! భయపడకు, ఇది ఎలా పోతుందో నీకు నేను చెబుతాగా. కింద గుండ్రటివి ఉన్నాయి చూడు, అవి దొర్లుతాయన్నమాట..." అంటూ చేతులు తిప్పుతూ వివరించింది.

భద్రయ్య ఉండబట్టలేక, "ఓసి పిచ్చిపిల్లా! అసలు దీన్ని మొదట..." అన్నాడు.

సూదమ్మ కళ్ళతో వారించి, మెల్లగా అంది. "చెప్పనీ మామా. మనకంటే ఎంత బాగా చెబుతోందో చూడు."

బండెక్కి కూర్చుని, ఊ కొడుతూ చివరిదాకా విన్నది. దాని గుండె గర్వంతో పొంగింది.

నీతి: దాచుకున్న తెలివి ఒక్కరితో ఆగిపోతుంది, పంచుకున్న తెలివి తరతరాలను ముందుకు నడిపిస్తుంది.