పురుగులమ్మ చేట

చుట్టూ జొన్నచేలు, నడుమ నల్లరాళ్ల గుట్ట, దానిమీద పడగ ఆకారంలో వెలసిన మూడడుగుల శిల. ఇదే పురుగులమ్మ సన్నిధి. "పాముతల్లికి పురుగని పేరేమిటి, విడ్డూరం!" అని బయటి ఊళ్ల భక్తులు బుగ్గలు నొక్కుకుంటారు. ఈ సీమలో పామును పేరు పెట్టి పిలవరు. పేరెత్తితే ఇంటికొస్తుందని భయం. అందుకే ‘పురుగు’ అంటారు.

పూర్వం ఇక్కడ ఓబులమ్మ అనే రైతు ఇల్లాలు ఉండేది. మనసు వెన్నే గానీ నోరు కటువు. కొండకవతలి ఊరినుంచి సుంకమ్మను కోడలిగా తెచ్చుకుని నెల తిరిగినా, పని చెప్పడం తప్ప ఆ పిల్లతో ఒక్క మంచి మాట ఆడి ఎరగదు.

ఒకనాటి మధ్యాహ్నం గాదె మూత తీసిన ఓబులమ్మకు గింజల మీద త్రాచు కనబడింది. "గాదెలో పురుగుండాదే, జాగ్రత్త!" అని కోడలికి ఒక్క కేక వేసి, మనుషుల కోసం వీధిలోకి పరుగెత్తింది. సుంకమ్మ పుట్టింట పురుగంటే ధాన్యానికి పట్టే ముక్కపురుగే. పాపం, పని తెలిసిన పిల్ల! వేపరెమ్మలు తెచ్చుకుని, జొన్నలు ఎండబోద్దామని చేటతో ఎత్తింది. గింజల్లోకి దూరిన త్రాచు కూడా చేటలోకి వచ్చేసింది.

ఓబులమ్మ కర్రలవాళ్లతో వచ్చేసరికి సుంకమ్మ చేతుల్లో చేట, చేటలో పడగ. పిల్ల కొయ్యబారిపోయింది. కర్ర ఎత్తితే కాటు తప్పదు. పక్కన వేపరెమ్మలు చూడగానే ఓబులమ్మకు సంగతి అర్థమైంది. "ఆగండ్రా!" అని అందరినీ ఆపి, చేట కింద తన చేతులు పెట్టింది.

"తల్లీ, ఈ బిడ్డకేం తెలీదు. చెప్పని పాపం నాది. కాటెయ్యాలంటే నన్నెయ్యి" అని ఆ చేటను గుట్టదాకా మోసింది. త్రాచు మెల్లగా దిగి రాళ్లలోకి పోయింది.

వెనకే వచ్చిన సుంకమ్మ బావురుమంది. "ముక్కపురుగనుకున్నానత్తా!" ఓబులమ్మ ఆమెను పొదువుకుని తానూ ఏడ్చింది. తెల్లవారుజామున ఆ పాముతల్లి ఓబులమ్మ కలలో కనబడి, "నన్ను పురుగనే పిలువు, నాకేం కోపం లేదు. ఇంటికొచ్చిన పిల్లకు మాత్రం మీ మాటలు చెప్పుకోండి" అని ఆనతిచ్చిందట. లేచి వెళ్లి చూస్తే త్రాచు దిగిన చోట ఈ శిల వెలసి ఉంది.

నేటికీ కొత్త కోడలిని తెచ్చుకున్న అత్త ఇక్కడికి రావలసిందే. ఇద్దరూ ఒకే చేట పట్టుకుని కూర్చుంటారు. అర్థంకాని మాటలన్నీ కోడలు అడగాలి, అత్త చెప్పాలి. అత్త విసుక్కుందా, మళ్లీ మొదటినుంచి! అలా చేసిన ఇంట పొరపొచ్చాలు రావని పెద్దల నమ్మకం. నైవేద్యం వేళ మించినా పూజారి గంట కొట్టడు. కోడలు అడగడం అయ్యేదాకా అమ్మవారు కూడా ఆకలితో ఆగుతుంది.