వరాలమ్మ చెమట కుండలు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక పంది. పంది అనగానే నవ్వొచ్చే వాళ్ళు ఇప్పుడే నవ్వేసి రండి, నేను ఆగుతాను. ఈ కథలో సింహం లేదు, రాజుగారి దర్బారు లేదు. ఉన్నది పందే. ఇష్టముంటే వినండి, లేకపోతే పడుకోండి.

అయిందా నవ్వడం? సరే.

ఆ పంది పేరు వరాలమ్మ. ఇంటి దగ్గరే కుండలు చేసి అమ్ముకునేది. వాకిట్లో ఒక పాక, పాకలో కుండలు చేసే సారె, పెరట్లో కుండల్ని పేర్చి కాల్చే ఆవం. అంతే ఆవిడ ఆస్తి. మన్ను తొక్కడానికి కూలీలు కూడా అక్కర్లేదు. మన్నులో నీళ్ళు పోసుకుని తనే పడి దొర్లేది. దొర్లి లేచేసరికి మన్ను వెన్నముద్దలా ఉండేది. వరాలమ్మ మాత్రం పందిలాగే ఉండేది.

మీకు తెలియని సంగతి ఒకటి చెప్తాను. పందికి మనలా చెమట పట్టదు. ఎండ మండిపోతున్నా ఒంటి మీద తడి రాదు. అందుకే పాపం ఒళ్ళు చల్లబడాలని బురదలో పడుకుంటుంది. మనమేమో ముక్కు మూసుకుని మురికిది అంటాం.

కానీ వరాలమ్మ కుండకి చెమట పట్టేది. నీళ్ళు పోసి కాసేపు ఉంచితే కుండ ఒంటి మీద సన్నగా తడి ఊరేది. ఆ తడికి గాలి తగిలితే లోపలి నీళ్ళు చల్లబడేవి. "నాకు పట్టని చెమట నా కుండకి పడుతుంది. నాకది చాలు," అనేది వరాలమ్మ. అడవిలో ఏ ఇంట్లో చూసినా ఆవిడ కుండే ఉండేది.

మరి బాధేమిటంటారా? చెప్తాను, తొందరెందుకు. కుండల పని ఎండాకాలంలోనే. వాన పడితే మన్ను ఆరదు, ఆవం రాజుకోదు. కుండలిచ్చి తెచ్చుకున్న దుంపలు, జొన్నలే వానాకాలమంతా తిండి. వరాలమ్మకి పిల్లలు గంపెడు. కిందటి వానాకాలం చివర్లో గాదె ఖాళీ అయిపోయింది. ఆకలికి ఆగలేక ఆఖరి పిల్ల పగిలిన మూకుడు ముక్క నమిలింది. వరాలమ్మ ఆ ముక్క దాని నోట్లోంచి లాగేసింది. ఈసారి కుండలు ఎక్కడైనా బాగా అమ్ముడయ్యే చోట అమ్మాలి, పిల్లల్ని పస్తు పెట్టకూడదు అనుకుంది.

ముందు ఇంటి దగ్గర అమ్మి చూసింది. వచ్చేవాళ్ళంతా చుట్టాలే. కుందేలు వచ్చి ప్రతి కుండనీ వాయించింది, చల్లటి నీళ్ళు తాగింది, పొద్దుగూకే దాకా కోడలి మీద చాడీలు చెప్పింది. చివరికి లేచి, "వరాలొదినా, ఈ మూత పట్టుకెళ్తున్నానే. మనలో మనకి ఇచ్చిపుచ్చుకోడాలేంటి," అని మూత చంకన పెట్టుకుని పోయింది. కుండ కొనలేదు.

తరవాత సంతకి వెళ్ళింది. సంత వాగు అవతల. దారంతా రాళ్ళు. వీపు మీద మోసుకెళ్ళేసరికి సగం కుండలు పెంకులయ్యాయి. మిగతా సగం కోతుల చేతిలో పడ్డాయి. కొనేముందు కుండని వేలితో కొట్టి ఖంగుమంటుందో లేదో చూడడం అందరూ చేసేదే, తప్పు కాదు. కోతులు రాయితో కొడతాయి. ఆ చప్పుడు బాగుందని అక్కడే డప్పు మొదలుపెడతాయి. ఆ పూట సంతలో అందరూ చిందులేశారు, వరాలమ్మ తప్ప.

ఇక మూడోది కొండ మీద కొట్టు. అది నెమలిది. పేరు పింఛాలరావు గారు. 'గారు' అనకపోతే ఆయన పలకడు. కొట్టు నిండా అద్దాలు. సరుకు చూసుకోడానికి కాదు, ఆయన తనని తాను చూసుకోడానికి. గుమ్మం పక్కన 'ముట్టుకోరాదు' అని బోర్డు ఉంటుంది.

పింఛాలరావు వరాలమ్మ తెచ్చిన కుండ చుట్టూ తిరిగాడు. తోక కుండకి తగలకుండా జాగ్రత్త పడ్డాడు.

"ఆకారం బాగుంది. కానీ ఈ తడేమిటి?" అన్నాడు.

"చెమటండీ. మంచి కుండకి పడుతుంది," అంది వరాలమ్మ.

"చెమటా?" పింఛాలరావు మెడ వెనక్కి లాక్కున్నాడు. "చూడమ్మా, చెమటలు కక్కే కుండ మర్యాదస్తుల ఇంట్లో ఎవరు పెట్టుకుంటారు? నీకు బురద అలవాటు కాబట్టి తెలియలేదు. దీనికి లక్క పూసి మెరిపించు. పైన నా పింఛం కళ్ళు బొమ్మలేయించు. నా కొట్టులో పెడితే ఒక్కో కుండకి గంపెడు జొన్నలొస్తాయి. కానీ ఇంటి దగ్గరా సంతలోనా అమ్మడానికి వీల్లేదు, నా పరువు పోతుంది. నీ వాటా సరుకు అమ్ముడయ్యాక ఇస్తాను. ఇదుగో బయానా," అని రాలిపోయిన ఈక ఒకటి తీసి ఇచ్చాడు.

కుండకి చెమట పట్టకపోతే నీళ్ళు చల్లబడవని వరాలమ్మకి తెలియదా? పుట్టినప్పటి నుంచీ తెలుసు. కానీ బురద మాట దగ్గర ఆవిడకి తల కొట్టేసినట్టయింది. చిన్నప్పటి నుంచీ అందరూ అన్న మాటే అది. ఒక్కసారైనా తన చేతి సరుకు శుభ్రంగా, తళతళలాడుతూ, అద్దాల మధ్య ఉంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. పైగా గంపెడు జొన్నలు.

దారిలో రాయి మీద తొండ కనిపించింది. దాని పేరు ఊపయ్య.

"ఊపయ్య మావా, సరుకంతా నెమలి గారికే ఇచ్చేద్దామనుకుంటున్నాను. మంచిదేనంటావా?"

ఊపయ్య తల ఊపాడు.

"ఇంటి దగ్గర అమ్మడం మానేయనా?"

తల ఊపాడు.

"లక్క పూస్తే మరీ తప్పేం కాదుగా?"

ఊపయ్య ఇంకా గట్టిగా ఊపాడు. పిల్లలూ, తొండ పనే తల ఊపడం. ఈగ వచ్చినా ఊపుతుంది, పిడుగు పడినా ఊపుతుంది. ఆ మాట వరాలమ్మకీ తెలుసు. కానీ మనం ముందే తేల్చేసుకున్న దానికి ఎవరైనా తల ఊపితే ఎంత హాయిగా ఉంటుందో మీకు తెలియంది కాదు.

ఇంటికెళ్ళి ఆ ఏటి కుండలన్నిటికీ లక్క పూసింది. ఒక్కటీ మిగల్చలేదు. పిల్లలు కూర్చుని నెమలి కళ్ళు వేశారు. ఆఖరి పిల్ల బయానా ఈక తిని చూసింది. బాగా లేదని ఉమ్మేసింది. కుండలన్నీ కొండెక్కాయి.

ఎండలు ముదిరాయి. వాగు ఎండిపోయింది. పాత కుండలు పగిలిపోయిన వాళ్ళందరికీ కొత్తవి కావాల్సొచ్చింది. వరాలమ్మ ఇంటి దగ్గర లేవు, సంతలో లేవు. దాంతో రొప్పుకుంటూ కొండెక్కి, గంపెడు జొన్నలు పోసి కొనుక్కున్నారు. వాయించి చూద్దామంటే బోర్డు ఒకటి.

ఇంటికి తెచ్చి నీళ్ళు పోసుకున్నారు. సాయంత్రానికి ఆ నీళ్ళు కషాయంలా ఉన్నాయి. వరాలమ్మ కుండ కదా, రేపటికి చల్లబడుతుందిలే అని ఆగారు. రేపటికి ఇంకా వేడెక్కాయి. ఎలుగుబంటి మాత్రం కుండకి చెంప ఆనిస్తేనైనా చల్లగా ఉంటుందేమోనని దాన్ని కావలించుకుని ఎండలో కునుకు తీశాడు. లక్క మెత్తబడి బొచ్చుకి అంటుకుంది. లేచి లాగితే కుండ వచ్చింది, దానితో పాటు పొట్ట మీద బొచ్చూ వచ్చింది. అప్పటి నుంచి ఎవరు ఎదురైనా చేతులు పొట్ట మీద పెట్టుకుని మాట్లాడేవాడు.

అందరూ కుండలు వెనక్కి తెచ్చి కొట్టు ముందు పడేసి, జొన్నలు తిరిగి తీసుకుపోయారు. పింఛాలరావు వరాలమ్మకి కబురు పెట్టాడు. "నీ కుండల వల్ల నా కొట్టు పేరు పోయింది. తీసుకుపో," అన్నాడు. లక్క పూయమన్నది ఎవరో ఆయనకి గుర్తు లేదు. అద్దంలో చూసుకునే వాళ్ళకి అవతలి వాళ్ళన్న మాటలే కాదు, తామన్న మాటలు కూడా గుర్తుండవు.

వరాలమ్మ అడిగి తెచ్చుకున్న బండికి కుండలెత్తుకుని కొండ దిగింది. తన పెరటి వెనక దారి మలుపు తిరిగే చోట మద్దిచెట్టు ఒకటుంది. అక్కడికొచ్చి బండి ఆపి కూలబడింది. చుట్టూ చూస్తే కొండెక్కే వాళ్ళు, దిగే వాళ్ళు, అందరూ ఆ నీడనే నాలుకలు బయటపెట్టి రొప్పుతున్నారు. అక్కడ చుక్క నీళ్ళు లేవు. వాళ్ళ మధ్య ఎలుగుబంటి ఉన్నాడు, పొట్ట మీద చేతులు పెట్టుకుని.

వరాలమ్మ తలెత్తలేకపోయింది. "తిట్టు అన్నయ్యా, పడతాను," అంది.

ఎలుగుబంటి తిట్టలేదు. "వరాలూ, నీ కుండ అని వాయించకుండా కొన్నాను," అన్నాడు. "నువ్వు బురదలో దొర్లి చేసిన కుండలో నీళ్ళు ఎంత చల్లగా ఉండేవే. మా అమ్మ పోయే ముందు అడిగింది కూడా ఆ నీళ్ళే. ఇదేమిటిలా చేశావు?"

తిడితే ఎలాగో ఓర్చుకునేది. ఈ మాటకి మాత్రం వరాలమ్మ భోరున ఏడ్చింది. తన బురదకి తాను సిగ్గుపడ్డందుకు ఏడ్చింది. ఇంట్లో గాదె ఖాళీగా ఉన్నందుకు కూడా ఏడ్చింది. పడమట అప్పటికే మబ్బులు కనిపిస్తున్నాయి.

ఏడ్చి ఏడ్చి లేచి ముక్కు చీదింది. "మళ్ళీ కాలుస్తాను," అంది. "లక్క మంటకి పోతుంది. కొన్ని పగులుతాయి, పగలనీ. అన్నయ్యా, ఎండుకట్టెలు తెచ్చిపెడతావా?"

"తెస్తాను. నీ మీద జాలితో కాదులే, దాహంతో," అన్నాడు ఎలుగుబంటి. ఆ మాటా నిజమే.

తెల్లారి ఆవం ముట్టించారు. నెమలి కళ్ళన్నీ పొగై పోయాయి. వాసన మాత్రం అడవంతా కొట్టింది. మధ్యాహ్నానికి గాలి లేచి మబ్బు నెత్తి మీదికొచ్చింది. టపటపా చినుకులు మొదలయ్యాయి. ఆవం తడిస్తే ఉన్న కుండలన్నీ పెటిల్లుమంటాయి, వానాకాలం తిండీ పోతుంది. వరాలమ్మ, పిల్లలు, ఎలుగుబంటి టేకాకులు పట్టుకుని ఆవం చుట్టూ నిలబడ్డారు. మూత పట్టుకుపోయిన కుందేలు కూడా వచ్చి ఆ మూతే అడ్డం పెట్టింది. కాసేపటికి మబ్బు తూర్పుకి జరిగిపోయింది.

ఆవం చల్లారాక తీసి చూస్తే కొన్ని పగిలాయి. మిగతావి ఎర్రగా, మెరుపు లేకుండా, మునుపటిలా ఉన్నాయి. వరాలమ్మ ఒకదాన్ని గిట్టతో తట్టింది. ఖంగుమంది.

ఈసారి ఇంటి దగ్గరా పెట్టలేదు, సంతకీ మోయలేదు, కొండా ఎక్కించలేదు. పెరటి వెనక మలుపులో, ఆ మద్దిచెట్టు కిందే, ఇసుక పోసి కుండలు కుదురుగా నిలబెట్టి చలివేంద్రం పెట్టింది. ఎండిన వాగులో చెలమ తవ్వి తెచ్చిన నీళ్ళు ఊరికే పోసేది. పక్కన కొత్త కుండలు పేర్చి, "తాగండి. తాగాక కావాలంటే కొనండి. వాయించి చూసుకోండి, రాయితో మాత్రం వద్దు," అనేది.

తాగినవాడు మూతి తుడుచుకుని, తడి ఊరిన కుండ వైపు ఒకసారి చూసేవాడు. ఇంకేం చెప్పనక్కర్లేకపోయేది. వానలు పట్టే లోపల కుండలన్నీ చెల్లాయి. గాదెలో దుంపలు, జొన్నలు తలుపు దాకా వచ్చాయి. ఆఖరి పిల్ల వాటి మీదే పడుకుంది, ఎవరూ ఎత్తుకుపోకుండా.

ఇంకా కుండలు కొన్ని మిగిలుండగానే, ఎండాకాలం చివరి రోజుల్లో, మిట్టమధ్యాహ్నం, పింఛాలరావు గారు తోక దుమ్ములో ఈడ్చుకుంటూ కొండ దిగి వచ్చాడు. ముంత ఎత్తి గడగడా తాగాడు. మళ్ళీ తాగాడు. అప్పుడు కుండ వైపు చూశాడు.

"ఇది ఆ కుండేనా?"

"ఆ కుండేనండి. మీ కళ్ళు కాలిపోయాయి, నావి తెరుచుకున్నాయి," అంది వరాలమ్మ.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "ఒకటి మా ఇంటికి కావాలమ్మా. ముట్టుకోవచ్చా?"

"ముట్టుకోండి. వాయించండి. చెమట అంటుకుంటుంది, పర్వాలేదుగా?" అని వరాలమ్మ చెట్టు తొర్రలో దాచిన ఈక తీసి ఆయన చేతిలో పెట్టింది. ఈక చివర పంటి గాట్లున్నాయి. "ఇది మీ బయానా. మా పిల్లలకి సయించలేదు. మీరు జొన్నలు తెండి."

పింఛాలరావు గారు కొండెక్కి జొన్నలు తెచ్చి ఇచ్చి కుండ పట్టుకెళ్ళాడు.

రాయి మీద ఊపయ్య ఇదంతా చూశాడు. "నేను అప్పుడే చెప్పలేదూ," అన్నాడు. అని తల ఊపాడు.

నీతి: సరుకుని మెరిసే చోట కాదు, దాహం ఉన్న చోట అమ్మాలి. ఏం చేయాలని తొండని మాత్రం అడక్కండి.