మవ్రా మొక్కిన పది రూబుళ్ళు

రండి, ముందుకు జరిగి కూర్చోండి. గోడవారగా నిలబడ్డ అన్నయ్యా, మీరూ రండి, చోటుంది. ఇది మన ఊరి సంగతి కాదు. మంచు కురిసే రష్యా దేశంలో, జార్ చక్రవర్తుల కాలంలో జరిగింది. కానీ మొక్కుకున్న తల్లి గుండె ఏ దేశంలోనైనా ఒకేలా కొట్టుకుంటుంది కదా, అందుకే చెబుతున్నాను.

అక్కడొక మఠంలో ఇయోనా అనే వృద్ధ గురువుండేవాడు. ఆయనకు ప్రొఖోర్ అని ఒక శిష్యుడు. భక్తుల కానుకలు అందుకోవడం అతని పని. మహా నికార్సయిన మనిషి. ఒక్క కొవ్వొత్తి తేడా వచ్చినా ఆ పూట ముద్ద దిగేది కాదు.

ఆ ఏడు చక్రవర్తి ఆజ్ఞ ఒకటి వచ్చింది. అంతవరకూ ఆ పల్లెల్లో రూబుల్ అంటే కాగితం నోటే. ఇకమీదట రూబుల్ అంటే వెండి నాణెం. మూడున్నర కాగితాలు పెడితే ఒక్క వెండి రూబుల్. సంతలో గుడ్లు కొన్నా "ఏ రూబుల్?" అని తగువే. జనానికి కాళ్ళకింద నేల కదిలినట్టయింది.

ఒక ఉదయం ప్రొఖోర్ చేతులు నలుపుకుంటూ గురువు ముందు నిలబడ్డాడు.

"తండ్రీ, అన్న మాట అలాగే ఉండి కొలత మారిపోతే, ఆ మాట నిలబెట్టుకోవడం ఎలా?"

"ఎవరి మాట, నాయనా?"

ప్రొఖోర్ చెప్పాడు. కాసేపటి క్రితం మవ్రా అనే వితంతువు వచ్చింది. కిందటి శీతాకాలం మూడేళ్ళ కూతురు దున్యా జ్వరంతో కళ్ళు తేలేస్తే, "నా బిడ్డను దక్కించు తల్లీ, పది రూబుళ్ళు ఇచ్చుకుంటాను" అని దేవమాతకు మొక్కుకుంది. పిల్ల లేచి తిరిగింది. మవ్రా అవిసె నార వడికి, వడికి, పది కాగితం రూబుళ్ళు కూడబెట్టింది. సరిగ్గా అప్పుడే ఆజ్ఞ వచ్చింది. వారం తిరక్కుండా పిల్లకు మళ్ళీ దగ్గు మొదలైంది. "తక్కువ ఇవ్వబోతున్నానని తల్లికి కోపం వచ్చిందేమో అయ్యా! ఏ రూబుళ్ళు ఇమ్మంటారు?" అని అడిగింది.

"నువ్వేమన్నావు?"

"ఆజ్ఞలో ఉన్నదే చెప్పాను. రూబుల్ అంటే ఇప్పుడు వెండి అన్నాను. వెంటనే బయటికి వెళ్ళింది. వెంట తోలుకొచ్చి మన వాకిట్లో కట్టేసిన ఆవును విప్పుకుని సంత దారి పట్టింది తండ్రీ. ఆ పిల్ల తాగేది దాని పాలే. అప్పటినుంచి నాకు కుదురు లేదు. అసలు ఇందులో ధర్మం ఏమిటంటారు? మాట ముఖ్యమా, కొలత—"

"ఆవిడ ఎంత దూరం వెళ్ళి ఉంటుంది?" అన్నాడు గురువు.

ప్రొఖోర్ గుమ్మం వైపు తిరిగాడు. మరుక్షణం అంగీ పైకెత్తి పట్టుకుని బురదలో పరుగు తీశాడు. దారి పొడుగునా అతని చెవుల్లో ఒక్కటే చప్పుడు: తను ఎన్నడూ చూడని ఒక పిల్ల దగ్గు.

సంత చేరేసరికి బేరం కుదిరిపోయింది. ఆ దేశంలో ఒక ఆచారముంది. పశువును అమ్మేవాళ్ళు పలుపుతాడును ఉత్త చేత్తో ఇవ్వరు, కొనేవాళ్ళు ఉత్త చేత్తో అందుకోరు. ఇద్దరూ చేతికి బట్ట అంచు కప్పుకోవాలి. ఉత్త చెయ్యి తగిలిందా, ఆ పశువు కొత్త ఇంటికి అచ్చిరాదని నమ్మకం. మవ్రా శాలువా కొంగులో తాడు పట్టుకుని చాచింది. బేరగాడు కోటు అంచు పట్టాడు.

"ఆగమ్మా!" అంటూ ప్రొఖోర్ మధ్యలోకి దూరి, తాడును రెండు చేతులా పట్టేసుకున్నాడు. ఉత్త చేతులతో!

బేరగాడు నేలమీద ఉమ్మాడు. "చెడగొట్టావు కదయ్యా స్వామీ! ఇంక ఈ ఆవు నాకొద్దు. నువ్వే తోలుకుపోయి మీ గురువుగారికి పాలు పిండిపెట్టు!"

చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. మవ్రా మాత్రం ఉన్నచోటే కూలబడింది. "ఎంత పని చేశారయ్యా! నా మొక్కు తీరేదెలా? నా బిడ్డ ఏమైపోవాలి?"

"నాకు తెలియదమ్మా. నేను చెప్పింది తప్పు. లే, నాతో రా."

మఠం గుమ్మం దగ్గరే గురువు ఎదురొచ్చాడు. "అమ్మా, మొక్కుకున్న రోజున నీ మనసులో ఉన్నది ఏ రూబుల్?"

"ఈ కాగితమే తండ్రీ. వెండిది నేను కళ్ళారా చూసిందెప్పుడు?"

"అయితే ఆ తల్లి విన్నదీ ఇదే."

ఆయన సిలువ గుర్తు వేసుకుని ఆ పది కాగితాలూ అందుకున్నాడు. మవ్రా ఆవును తోలుకుని, ఒకటికి రెండుసార్లు వెనక్కి చూసుకుంటూ, ఇంటిదారి పట్టింది.

ప్రొఖోర్ కాళ్ళ బురద కడుక్కుంటూ ఉండబట్టలేక అడిగాడు. "తండ్రీ, ఈ ఒక్క ముక్క పొద్దున్నే నాకు చెప్పి ఉండొచ్చు కదా!"

"చెప్పి ఉంటే నీకు జవాబు దొరికేది నాయనా," అన్నాడు గురువు. "ఆవు మాత్రం అమ్ముడుపోయేది."

ఇళ్ళకు వెళ్ళేటప్పుడు ఆ పరుగొక్కటి గుర్తుంచుకోండమ్మా. మనమూ ఎవరినో ఒకరిని తప్పు మాట చెప్పి పంపించే ఉంటాం. వాళ్ళు ఇంకా దారిలోనే ఉండవచ్చు. లేవండి.